నాలుగు డిగ్రీల దగ్గర ఆగిపోయిన అంకె

పూతలపట్టు దగ్గరి పాలకేంద్రం నుంచి సంతోషమ్మ ఫోన్ చేసేసరికి గ్రేసీ రేణిగుంటలో తన బల్ల ముందు కూర్చుని ఉంది. ఊరి పాలన్నీ పోసే పెద్ద స్టీలు ట్యాంకును చూసుకునేది సంతోషమ్మ. ఆ ట్యాంకును చల్లగా ఉంచే కంట్రోలర్ తయారైంది గ్రేసీ పనిచేసే చిన్న కంపెనీలోనే.

"పాపా, మీ డబ్బాలో నాలుగు డిగ్రీలనే సూపిస్తా ఉండాది. పాలు సూస్తే విరిగిపోయినాయి. ఊరోళ్లకు నేనేం సెప్పేది?"

పాత చిప్పు బజారులో దొరకకుండా పోయాక, ఆ డబ్బాల్లో కొత్త రకం చిప్పు వేసి నెల కాలేదు. వేడిని కొలిచే సెన్సరును ఎలా అడగాలో, అంకెను తెర మీద ఎలా చూపాలో చిప్పుకు చెప్పే ప్రోగ్రాముల కట్టను లైబ్రరీ అంటారు. చిప్పుతో పాటు ఉచితంగా వచ్చినదాన్నే వాడదామన్నది గ్రేసీయే.

యజమాని దామోదరం కోప్పడలేదు. "బెంగళూరులో తెలిసినోళ్లుండారు. ఆ లైబ్రరీ వాళ్లతో కొత్తగా రాయించేదా?" అని మాత్రం అడిగాడు.

"నేనే రాస్తాను సార్. మూడు వారాలియ్యండి."

అనేశాక భయం పట్టుకుంది. బల్ల మీద అదే బోర్డు ఐదు రోజులు నడిచింది, అంకె ఒక్కసారీ ఆగలేదు. తప్పు కనబడకపోతే దిద్దేదేమిటి?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పుత్తూరులో ఇంట్లో తండ్రి సుందరరాజుకు సంగతంతా చెప్పింది. ముప్పై ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ కట్టే మనిషి ఆయన.

"ఆ ట్యాంకుకు కంప్రెసర్ ఉంటాది గదా?"

"ఉంటాది నాయనా."

"మోటారు ఎత్తుకునేటప్పుడూ ఆగేటప్పుడూ కరెంటు ఒక దెబ్బ కొడతాది. నీ బల్ల మీద మోటారు యాడుండాది?"

మరునాడు ఆయనే ఒక పాత మోటారును ఆటోలో వేసుకుని రేణిగుంటకు వచ్చాడు. బోర్డున్న లైనుకే దాన్ని తగిలించి ఆన్ చేస్తూ, ఆపుతూ పోయారు. పదకొండోసారికి అంకె బిగుసుకుపోయింది. గ్రేసీ ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఇప్పుడు ప్రోగ్రాము చదివితే తప్పు ఎదుటే ఉంది. సెన్సరును అడిగాక జవాబు వచ్చేదాకా ఆగమని రాశారు, ఎంతసేపని రాయలేదు. దెబ్బకు మాట మధ్యలో తెగి, సెన్సరు తమ మధ్యనున్న తీగను వదలకుండా పట్టుకుని కూర్చుంటే, చిప్పు ఎదురుచూస్తూనే ఉండిపోతోంది. తెర మీద పాత అంకె అలాగే వెలుగుతోంది, ఆగిన కంప్రెసర్ మళ్లీ నడవడం లేదు.

ఆ లైబ్రరీని పక్కన పెట్టేసి, గ్రేసీ ఆరువందల పేజీల చిప్పు మాన్యువల్ తెరిచింది. సెన్సరుకు, తెరకు, ప్రమాదమైతే మోగే గంటకు వేరువేరుగా సీ భాషలో మొదటి వరుస నుంచి తానే రాసింది. ప్రతి నిరీక్షణకూ ఒక గడువు పెట్టింది. గడువు దాటితే, చిప్పు, సెన్సరు మాటలకు లయ కట్టే గడియారపు తీగ మీద తొమ్మిది తట్లు తట్టి, సెన్సరు చేత తీగ వదిలించి, మళ్లీ మొదటి నుంచి అడగాలి. అప్పటికీ పలకకపోతే పాత అంకె చెరిపేసి గంట మోగించాలి.

ఇరవయ్యో రోజు ఉదయం తండ్రీకూతుళ్లు మోటారుతో సహా పాలకేంద్రానికి వెళ్లారు. సుందరరాజు రెండువందల సార్లు మోటారు వేసి ఆపాడు. రెండుసార్లు తెర మిణుక్కుమంది, వెంటనే సరైన అంకె చూపింది. సంతోషమ్మ తన థర్మామీటరు పాలలో ముంచి ప్రతిసారీ పోల్చి చూసింది. ఆఖరున గ్రేసీ సెన్సరు తీగను లాగేసింది. అంకె పోయి, గంట గణగణ మోగింది.

"ఇప్పుడు నిజం సెప్తా ఉండాది," అంది సంతోషమ్మ.

దామోదరం ఆ లైబ్రరీని అన్ని డబ్బాల్లోనూ వేయించాడు. "ప్రోగ్రాము మొదటి వరుసలో రాసినోళ్ల పేరుండాలమ్మా," అని దగ్గరుండి టైపు చేయించాడు.

ఆ శనివారం గ్రేసీ ల్యాప్‌టాప్ తెరిచి తండ్రికి చూపించింది. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. "గ్రేసీ... సుందరరాజు. నా పేరు కూడా ఉండాదే!"

"నా పూర్తి పేరే అది నాయనా. మోటారు తెచ్చింది కూడా నువ్వే గదా."

సుందరరాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఊ, కిందికి పోనీ. అంతా సూస్తాను," అన్నాడు.