బైరెడ్డిపల్లె దాటిన బిందె

పొద్దున డ్యూటీకి పోయే ముందు దయామణి మదనపల్లెలో తన వీధి కొళాయి దగ్గర బిందెల వరుస సరిచేసేది. మనిషి ఇంట్లో దోసెలు పోసుకుంటున్నా సరే, బిందె ఉంటే ఆ మనిషి ఉన్నట్టే. మధ్యలో దూరిన బిందెను మాత్రం, అది పాస్టరమ్మగారిదైనా, మొహమాటం లేకుండా తీసి చివర పెట్టేది. మిషన్ ఆసుపత్రిలో నర్సు కదా, వార్డులోనూ అదే పద్ధతి.

అమెరికాలోని ఒక ఆసుపత్రి ఆమెను పనికి పిలుస్తూ అర్జీ వేసిన రోజున, ఆమె ఇత్తడి బిందె కొళాయి దగ్గర్నుంచి తనంతట తాను బయల్దేరింది. అప్పుడు కూతురు ఫెబా రెండో తరగతి. అర్జీ వేసిన ఆ తేదీనే ప్రయారిటీ డేట్ అంటారు. గ్రీన్‌కార్డు వరుసలో మనిషి చోటు అదే. ఇండియాలో పుట్టినవాళ్ల వరుస మరీ పొడుగు. ఏ తేదీదాకా ఉన్నవాళ్లను పిలుస్తారో నెలనెలా ప్రకటిస్తారు. ఆ తేదీ ముందుకు జరిగిన నెల బిందె కుప్పం దారిలో కొంత నడిచేది. వెనక్కి జరిగిన నెల, పాపం, వెనక్కే వచ్చేది. పుంగనూరులో ఒక ఏడాదంతా కదల్లేదు. టమోటా లారీలవాళ్లు దాన్ని తప్పించుకుని పోయేవాళ్లు. పెద్దపంజాణి దగ్గర ఎవరో కుంకుమ బొట్టు కూడా పెట్టారు, దయామణి చర్చికి పోయే మనిషని తెలిసే. అది కుప్పం స్టేషను చేరితే ఆమె వంతు వచ్చినట్టు.

బిందె బైరెడ్డిపల్లె చేరిన నెలలోనే, పిలిచిన ఆసుపత్రి మూతపడిందని కబురొచ్చింది. అదే రోజు బిందె అడుగున చిల్లి పడింది. ఇంకో ఆసుపత్రి కొత్తగా అర్జీ వేస్తానంది. పాత అర్జీ ఎప్పుడో మంజూరైంది గనక పాత తేదీ మీకే ఉంటుందని లాయరు ఫోనులో చెప్పాడు. దయామణికి నమ్మకం కుదరలేదు. ఫెబాకు త్వరలో ఇరవై ఒకటి నిండుతాయి. నిండితే తల్లి వెంట వెళ్లే పిల్లగా లెక్కలోకి రాదు. కొత్త తేదీతో మొదలైతే తల్లి ఒక్కతే పోవాలి. తండ్రి లేని పిల్లను వదిలిపోవడం ఆమెవల్ల అయ్యేది కాదు.

అయినా అర్జీ వేయించింది. కొత్త స్టీలు బిందె కడిగి తెచ్చి, కొళాయి వరుసలో చిట్టచివర పెట్టింది.

"ఆడ యాల పెడతాండావు మా? నీ చోటు బైరెడ్డిపల్లెలో ఉండాది గదా," అంది ఫెబా.

"కొత్త బిందె చివర్నే నిలబడాల. ఒకరి ముందు దూరేది నాకు చేతగాదు పాపా."

"ఇన్నేండ్లు నిలబడింది నువ్వా, బిందెనా?"

దయామణి ఏడుపు కూతురికి కనబడకూడదని గబగబా డ్యూటీకి నడిచింది.

కొత్త అర్జీ మంజూరైన రోజు స్టీలు బిందె కొళాయి దగ్గర లేదు. దొంగలు ఎత్తుకుపోయారనుకుని వీధంతా వెతికారు. కుప్పం బస్సు కండక్టరు దాసప్ప ఆసుపత్రికి మందులకొచ్చి, అది యాడా ఆగకుండా తన బస్సుకు ముందు పోయిందని చెప్పాడు.

తల్లీకూతుళ్లు బస్సెక్కి బైరెడ్డిపల్లెలో దిగారు. ఇత్తడి బిందె రోడ్డు పక్కకు జరిగి కూర్చుంది. దాని చోట్లో స్టీలు బిందె నిలబడింది. దయామణికి సంతోషం కంటే ముందు సిగ్గేసింది. దాని వెనకే ఆగిన ఇంకో బిందె పక్కన దాని మనిషి, అదే అమెరికా వరుసలో ఉన్న నర్సు రేష్మ, టిఫిన్ తింటోంది.

"నీ ముందు దూరినట్టు కాదా అమ్మా ఇది?" అని అడిగింది దయామణి.

"నీ వెనకే గదక్కా ఇన్నేండ్లూ నడుస్తాండేది," అంది రేష్మ, చెయ్యి కడుక్కుంటూ. "నువ్వు మళ్లా మొదట్నుంచి వస్తానంటే నాకే బాగుండదు."

పై నెల స్టీలు బిందె కుప్పం స్టేషను చేరింది. ఫెబా ఇరవై ఒకటో పుట్టినరోజు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద దయామణి బిందె ఎత్తబోతే కదల్లేదు. అంచుదాకా నీళ్లున్నాయి. ఒక్కతే ఎత్తలేక కూతుర్ని పిలిచింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లేపారు.