పోయిన వైరస్‌ల మాట

ఆదివారం మధ్యాహ్నం ఇజ్రాయెల్‌లో, రెహోవోత్ ఊళ్ళోని ల్యాబ్‌లో తిర్జాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున వైరస్‌లు కలిపిన బ్యాక్టీరియా గొట్టాలు ఈపాటికి తేటపడాలి. ఇంకా మజ్జిగలాగే ఉన్నాయి. బ్యాక్టీరియా చావనే లేదు.

"ఎల్కనా! ఏం పోశావిందులో?"

ఆమెతో పనిచేసే ఎల్కనా గుమ్మంలోంచే అన్నాడు: "శుక్రవారం షబ్బాత్ సెలవుకి ఇంటికెళ్ళే తొందర కదా, బ్యాక్టీరియాని పెంచే ద్రవం కొత్తది కాయలేదు. పోయిన ప్రయోగంలోది వడగట్టి పెట్టా. ఒక్క వైరస్ కూడా లేదందులో, ఒట్టు!"

"వైరస్‌లు లేవయ్యా, అవి వదిలిన రసాయనం ఉంది! అది నీ వడపోతలో ఆగుతుందా? అది ఎక్కువుంటే, 'ఇక్కడ ఇప్పటికే చాలా చంపేశారు, ఇంకా చంపితే మనకే నిలువనీడ ఉండదు' అని కొత్తగా వచ్చినవి బ్యాక్టీరియాలో దూరి పడుకుంటాయి. శుక్రవారం వెళ్ళేముందు చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

"అంటే, ఎప్పుడో పోయిన వైరస్‌ల మాట ఇవి ఇవాళ విన్నాయా?"

"విన్నాయి! చెవుల్లేవు, బుర్ర లేదు, అయినా విన్నాయి!" తిర్జా గొట్టాల స్టాండు బల్లమీద ఠక్కున పెట్టింది.

ఎల్కనా తల గోక్కున్నాడు.

"ఇంతకీ శుక్రవారం నాకేం చెప్పావు?"