పాత సామాను మీ చేతికే

ఆ టైర్ల షాపు యజమానిని వీధిలో అందరూ ప్రొఫెసర్ అంటారు. ఆయనేదో కాలేజీలో పాఠాలు చెప్పాడని కాదు. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాడికి కూడా గాలి గురించి ఓ ఉపన్యాసం దంచనిదే జాకీ ముట్టుకోడు మరి. ఆ పేరు వెటకారమని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఆ రోజు షాపు తెరవగానే మరదలు కారు తీసుకొచ్చింది. భార్యకు సొంత చెల్లెలు. టాక్సీ నడుపుతుంది. ఏళ్ళ తరబడి అన్నీ రాత్రి బేరాలే. కూతురు నిద్రపోయాక బయల్దేరడం, ఆ పిల్ల బడికి వెళ్ళాక ఇల్లు చేరడం. ఇప్పుడొక ఆసుపత్రివాళ్ళు రోగులను ఇళ్ళ నుంచి తీసుకురావడానికి పగటి పూట కార్లు పెట్టుకుంటున్నారు. ఇంకొక్క కారుకే చోటుంది. సాయంత్రం నాలుగింటికి తనిఖీ. డాష్‌బోర్డు మీద ఏ చిన్న లైటు వెలిగినా కారును వెనక్కి పంపేస్తారట. ఈమె కారులో టైరు గాలి లైటు వెలుగుతోంది.

"బావా, నీకు దణ్ణం పెడతా, దీన్ని ఆర్పెయ్. రాత్రిపూట నా కూతురి పక్కన పడుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు," అంది.

"ఇదో పనా నాకు!" అని ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "చూడు మరదలా, చక్రం లోపల సెన్సార్ ఉంటుంది. టైరులో గాలి ఎంతుందో కారుకు చెబుతూ ఉంటుంది. నీ నాలుగింట్లో ఒకదాని బ్యాటరీ చచ్చింది. మిగతా మూడూ దాని ఈడువే, ఇవాళో రేపో అవీ పోతాయి. అన్నీ మార్చేద్దాం."

మార్చాడు. చేతిలో పనితనం ఉన్నవాడే, ఆ మాట కాదనకూడదు. టైర్లు విప్పి, పాతవి తీసి, కొత్తవి బిగించి, గాలి పట్టాడు. పాత నాలుగింటినీ ఓ ప్లాస్టిక్ సంచిలో వేసి డిక్కీలో పెట్టబోయాడు.

"అవి నాకెందుకు బావా? చెత్తబుట్టలో పడెయ్."

"మా షాపు పద్ధతి తెలీదా నీకు?" అని గోడ మీది బోర్డు చూపించాడు. 'పాత సామాను మీ చేతికే' అని ఎర్రటి అక్షరాలు. "మార్చకుండానే మార్చామన్నామని రేపెవడూ వేలెత్తి చూపకూడదు. నిజాయితీ అమ్మాయ్, నిజాయితీ! అన్నీ నీకే తెలిసినట్టు మాట్లాడకు." సంచిని స్పేర్ టైరు పక్కన కుక్కి డిక్కీ దభాలున వేశాడు.

లైటు ఆరలేదు.

స్కానర్ తెచ్చి ఒక్కో వాల్వు దగ్గరా పెట్టాడు. కొత్త సెన్సార్లు నాలుగూ బుద్ధిగా పలికాయి. కారు మాత్రం వాటిని తనవిగా ఒప్పుకోలేదు. తాళం తిప్పాడు, ఆపాడు, మళ్ళీ తిప్పాడు. ముందు ఎడమ చక్రంతో మొదలుపెట్టి వరసగా నమోదు చేశాడు. గాలంతా తీసి మళ్ళీ పట్టాడు. కాస్త తిరిగితే కారే నేర్చుకుంటుందని చెప్పి ఆమెను పెద్దరోడ్డు మీదికి తోలాడు. ఆమె ఓ చుట్టు చుట్టి వచ్చింది. లైటు ఉన్నచోటే ఉంది.

తప్పు తనది కాదని తేలాలి కదా, ఇక నోటికి పనిచెప్పాడు. "నువ్వు గుంత కనబడితే చాలు, అందులోకే దింపుతావు. స్టీరింగ్ పట్టుకోగానే డ్రైవర్లయిపోతారా? కారు కూడా మనిషిని బట్టే మాట వింటుంది." గాలి పట్టించుకోవడానికి వచ్చిన ఇద్దరికి వినబడేలా మరీ అన్నాడు. వాళ్ళు పళ్ళికిలించారు. ఆమె తల దించుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. అవసరం తనది, ఏం చేస్తుంది పాపం!

బిల్లు కౌంటర్ దగ్గర భార్య భోజనం డబ్బా విప్పుతోంది. స్పేర్ టైరులో కూడా సెన్సారేమైనా ఉందేమో చూద్దామని ప్రొఫెసర్ డిక్కీ తెరిచాడు. సంచి కనబడింది.

అప్పుడు తట్టింది అయ్యవారికి. సంచిలో చచ్చింది ఒక్కటే. మిగతా మూడూ బతికే ఉన్నాయి. గాలి లేదు, గాలి లేదు అని అవి ఇంకా మొత్తుకుంటూనే ఉన్నాయి. కారేమో అలవాటైన ఆ మాటే వింటోంది. ఆ సంచిని దూరంగా ఎక్కడైనా పెట్టి, కారును ఓ చుట్టు తిప్పితే సరి.

చెయ్యి చాచాడు కూడా. అంతలో, చెత్తబుట్టలో పడెయ్ అని పొద్దున అన్నదెవరో గుర్తొచ్చింది. ఇప్పుడు దీన్ని బయటికి తీస్తే, 'నేను చెప్పలేదా బావా' అంటుంది. పళ్ళికిలించి ఇంకా అక్కడే నిలబడ్డ ఆ ఇద్దరి ముందే అంటుంది. వాళ్ళు ఊరంతా టముకు వేస్తారు. చాచిన చెయ్యి వెనక్కొచ్చింది. డిక్కీ మూశాడు, ఈసారి మెల్లగా.

ఛీ, ఏం మనిషండీ! పొరబాటైంది అని ఒక్క మాట అనుంటే ఆ పిల్ల రాత్రిళ్ళు తల్లి పక్కన పడుకునేది. ఆ మాట గొంతు దాటితే ప్రాణం పోతుందన్నట్టు గటగటా నీళ్ళు తాగి దిగమింగాడు.

"ఏమైనా దొరికిందా బావా?"

"ఏం దొరుకుతుంది, నా మొహం! నీ కారే అంత. వెళ్ళు, అదృష్టం బాగుంటే వాళ్ళు చూడరు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పొద్దున్నుంచీ నాకోసం ఎండలో మాడిపోయావు. నీ మేలు మర్చిపోను బావా," అని చేతులు జోడించి వెళ్ళింది. ఆ దణ్ణం కూడా పుచ్చుకున్నాడు మహానుభావుడు.

షాపు కట్టేసే వేళకు తిరిగొచ్చింది. మొహం చూడగానే ప్రొఫెసర్ అందుకున్నాడు. "పోయిందా? నేననుకుంటూనే ఉన్నా. ఆ డొక్కు కారు అమ్మేసి ఏదైనా ఆడవాళ్ళ పని చూసుకో."

ఆమె సంచి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"లైటు చూడగానే వెనక్కి పంపేశారు. నా వెనకున్న కారును తీసుకున్నారు. నేను అక్కడే కూర్చుని ఏడుస్తుంటే, నా చోటు దక్కించుకున్న ఆ డ్రైవరే జాలిపడి, పాత సెన్సార్లేవీ అని అడిగి డిక్కీ తీయించాడు. సంచి గేటు దగ్గర పెట్టి ఓ చుట్టు తిరిగి రమ్మన్నాడు. వచ్చేసరికి లైటు ఆరిపోయింది బావా. చోటు మాత్రం అప్పటికే పోయింది."

ప్రొఫెసర్ నీళ్ళు నమిలాడు. "అంటే... అది ఒక్కోసారి ఆలస్యంగా..."

"మధ్యాహ్నం నువ్వు డిక్కీ తెరిస్తే పక్క అద్దంలోంచి చూస్తున్నా. చెయ్యి లోపలికి పోయింది, ఉత్తదే వెనక్కొచ్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎందుకు బావా? నా బిడ్డ నిన్నేం చేసింది?"

ఆయన పెళ్ళాం వైపు చూశాడు.

"చాల్లే, నోర్ముయ్యవే!" అని అక్క కౌంటర్ వెనక నుంచి లేచింది. "నీకోసం ఒళ్ళు హూనం చేసుకున్న మనిషిని పట్టుకుని నిలదీస్తావా? తెలిస్తే ఆయన చెప్పరా? ఇంటికి పో."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. అక్క కళ్ళు తిప్పుకోలేదు. "సరే అక్కా," అని చెల్లెలు వెళ్ళి కారెక్కింది. రాత్రి బేరాలకు వేళయింది.

ప్రొఫెసర్‌కు ప్రాణం లేచొచ్చింది. "చూశావా దాని పొగరు! భలే గడ్డి పెట్టావులే."

భార్య సంచిని చెత్తబుట్టలో పడేసింది. చేతులు కడుక్కుని వచ్చి, "మీకెప్పుడు తెలిసింది?" అంది. అరవలేదు, ఏడవలేదు.

"భోజనం వేళ," అన్నాడు, అబద్ధం చప్పున నోటికి రాక.

"నేనూ అప్పుడే అనుకున్నా. డిక్కీ అంత మెల్లగా మీరెన్నడూ మూయరు."

"మరి నన్ను వెనకేసుకొచ్చావుగా?"

"దాని వైపు మాట్లాడితే అది కారెక్కి పోతుంది. నేను మీతోనే కదండీ ఇంటికి రావాలి!"

ప్రొఫెసర్ షట్టర్ కిందికి లాగాడు. "సరే, పద పద, ఆకలేస్తోంది," అన్నాడు.