అడవినాభి తీగ

శృంగవరపుకోట ఆసుపత్రిలో రాబర్టుకు వాంతులు ఆగడం లేదు. కొండవార తవ్వి తెచ్చిన దుంపలు తల్లి దేవమణి ముందురోజు ఉడకబెట్టి పెట్టింది. ఆవిడకు ఆ రోజు ఉపవాస ప్రార్థన కావడంతో తను ముట్టలేదు. తిన్నది కొడుకొక్కడే. నీళ్ల తేడా అయివుంటుందని డాక్టరు సెలైను ఎక్కిస్తున్నాడు గానీ, రాబర్టు అక్క ప్రిస్కిల్లాకు మనసొప్పలేదు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుందామె. తవ్విన చోటు చూపించమని తల్లిని ఆటో ఎక్కించింది.

వాన వెలిసిన కొండవార నేలంతా బురద. "అడివి పెండలమేనే. తీగ సూసే తవ్వినాను," అంటూ దేవమణి కంచె పక్కన గుంట చూపించింది.

పెండలం ఆకు తమలపాకులా ఉండాలి. ఈనెలన్నీ తొడిమ దగ్గరే మొదలవ్వాలి. అదే కనబడాలని కోరుకుంటూ ప్రిస్కిల్లా వంగింది. అక్కడ రెండు తీగలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి పెండలమే. రెండోదాని ఆకు సన్నం, పొడుగు. ఆ ఆకు కొనే నులితీగలా మారి కంచెను చుట్టుకుంది. పైన ఒక్కటే పువ్వు. అంచులు అలలు తిరిగిన ఆరు రేకులు వెనక్కి విరుచుకుని, మొదట్లో పసుపుగా, కొసన ఎర్రగా ఉన్నాయి. పువ్వు నడుమ నుంచి వచ్చే సన్నని కాడ, కీలం, పక్కకు అడ్డంగా వంగింది.

అడవినాభి. ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించే మొక్కే. పొరబడ్డానేమోనని గుంటలోకి చూసింది. విరిగిన దుంప ముక్క ఆ తీగ మొదలునే అంటుకుని ఉంది.

"ఏటే, అలగుండిపోనావు?"

దాచాలనిపించింది. కానీ డాక్టరుతో చెప్పేటప్పుడు ఎలాగూ వింటుంది.

"విషం దుంపమ్మా. రెండు తీగలూ కలిసిపోనాయి."

దేవమణి ఏడవలేదు. బురద చేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది. ఆటోలో మాత్రం ఒకసారి, "నా సేత్తో ఒలిసి పెట్టినాను," అంది.

ప్రిస్కిల్లా పువ్వుతో సహా తెంపి తెచ్చిన తీగను చూడగానే డాక్టరు ముఖం మారింది. దీనికి విరుగుడు లేదని, ఒంట్లో ఏదీ దెబ్బతినకుండా కాచుకోవడమేనని చెప్పి విశాఖ పంపించాడు. సమయానికి పోల్చుకున్నారని మెచ్చుకున్నాడు. ఆ మాట ప్రిస్కిల్లా చెవికెక్కలేదు.

రాబర్టు బతికాడు. రెండో వారంలో జుట్టు కుచ్చులుగా రాలిపోయింది, మళ్లీ వస్తుందన్నారు. ఇంటికొచ్చాక దేవమణి వంట మానలేదు. కానీ ప్రతి కూరా ముందు తను తిని, గోడకానుకుని చాలాసేపు కూర్చుని, అప్పుడే కొడుక్కి వడ్డిస్తోంది. ఆకలేస్తోందని రాబర్టు విసుక్కుంటాడు. బజారు వంకాయలేనని ప్రిస్కిల్లా ఎన్నిసార్లు చెప్పినా ఆవిడది ఒకటే మాట.

"ఉండే. కాసేపు సూడనీ."