చదివినట్టే భావించిన పేపర్

"పేపర్ చదివేది ఎంతసేపు సుచరితా, పది నిమిషాల పని. ఓళిగలు మాత్రం మెత్తగా రావాల. ఢిల్లీ ప్రొఫెసర్‌కు మా ఇంటి ఓళిగలు తినిపిస్తానని మాటిచ్చినా," అన్నాడు ప్రదీప్‌కుమార్, అద్దంలో టై సరిచేసుకుంటూ.

మాటిచ్చింది ఆయన, పెనం ముందు చేతులు కాల్చుకునేది ఈమె. మగవాళ్ల మాటలు లోకంలో ఎక్కువభాగం ఇలాగే నిలబడుతుంటాయి. సుచరిత పెనం పొయ్యి మీద పెట్టింది. పూర్ణం ఉండ అరచేతిలో పెట్టుకుని, నిన్నటినుంచీ నోట్లో తిరుగుతున్న తన పేపర్ మొదటి వాక్యాన్ని మరోసారి మెల్లగా అనుకుంది. 'పొరుగు దేశం చేసే పనికి అభ్యంతరం చెప్పవలసిన చోట ఏళ్ల తరబడి నోరు విప్పని దేశం, ఆ పనికి ఒప్పుకున్నట్టే లెక్క.' అంతర్జాతీయ న్యాయంలో దానికి మౌనాంగీకారమని పేరు. దక్షిణాసియాలో చిన్న దేశాలు పెద్ద దేశాల పక్కన బతుకుతూ ఎక్కడ నోరు విప్పాయి, ఎక్కడ మూసుకున్నాయి, మూసుకున్నందుకు ఏం పోగొట్టుకున్నాయి అన్నదే ఆమె పేపర్. దాన్ని చదవాల్సింది కడప కాలేజీలో జరిగే రెండు రోజుల జాతీయ సదస్సులో. రాజనీతిశాస్త్ర శాఖకు పెద్ద ఆమె భర్త. అదే శాఖలో ఆమె పార్ట్‌టైం లెక్చరర్.

పేపర్లు రాయడం ఆమెకు కొత్తేం కాదు. పెళ్లయినప్పటి నుంచీ రాస్తూనే ఉంది. తిరుపతిలోనూ అనంతపురంలోనూ ఆయన చదివితే అందరూ మెచ్చుకున్న పేపర్లన్నీ ఈ వంటింటి గట్టు మీద, పప్పు ఉడికేలోపు పుట్టినవే. ఒకసారి నవ్వుతున్నట్టే అడిగింది, కింద నా పేరు కూడా వేయొచ్చు కదండీ అని. "ఇంట్లో ఇద్దరం ఒకటే గదా, పేరు ఎవురిదైతే ఏం?" అన్నాడు. ఎవరిదైతే ఏమీ కాకపోతే, పొరపాటునైనా ఒక్కసారి ఆమె పేరు పడాలి కదా! పడలేదు. ఈసారి ఆయనకు చెప్పకుండా సదస్సు కమిటీకి నేరుగా పంపుకుంది. ఎంపికైంది. కార్యక్రమ పత్రంలో 'సుచరిత' అని అచ్చయింది. పక్కనే బ్రాకెట్లో 'శ్రీమతి ప్రదీప్‌కుమార్' అని కూడా అచ్చయిందనుకోండి, అయినా సరే, ఆ రోజంతా ఆమె ఒంట్లో జ్వరమొచ్చినట్టు ఒక వేడి. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరున్నారు? అత్తగారు నాగరత్నమ్మకు చూపిస్తే, "మంచిదేలే, ఆ పొద్దు టిఫన్ ఎవురు చేస్తారు మరి?" అన్నది. ఆవిడ చెడ్డదేం కాదు. ప్రొద్దుటూరు బజారులో తమ బట్టల అంగడికి ఎవరొచ్చినా కోడలి గురించి గొప్పగానే చెబుతుంది. "మా సుచరితకు నోట్లో నాలుక లేదు. శానా బంగారం," అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా సుచరిత నాలుకతో పళ్లు తడిమి చూసుకునేది, ఉందా లేదా అని.

మొదటి రోజు ఆమె వంతు రాలేదు. ఆహ్వాన సంఘం ఆడ లెక్చరర్లదే గదా, అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లకు గంధం పూసి పన్నీరు చల్లాలి. చరిత్ర చెప్పే ఆవిడా, లెక్కలు చెప్పే ఆవిడా, పార్ట్‌టైం, ఫుల్‌టైం తేడా లేకుండా పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. సమానత్వమంటే అదే మరి! మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా ప్రారంభోపన్యాసాలు తెమల్లేదు. "మేడమ్, మీదేముంది, ఇంటి మనిషి. రేపు పెట్టుకుందాం," అన్నాడు ప్రిన్సిపాల్. ఇంటి మనిషి! ఇంట్లో ఆమెను ఎవరూ లెక్చరరని అనరు, కాలేజీలో మాత్రం ఇంటి మనిషి అంటారు. పక్కన నిలబడ్డ కెమిస్ట్రీ హేమావతి, "ఇదేమక్కా, అడగవా?" అని గుసగుసలాడింది. అడుగుదామనే అనుకుంది సుచరిత. అప్పుడే ఎవరో వచ్చారు, చేతిలో పన్నీటిబుడ్డి ఉంది, చల్లింది.

రెండోరోజు టీ తర్వాత ఆమె వంతు. పేపర్ పట్టుకుని హాల్లో మూడో వరుసలో కూర్చుంది కూడా. ఒక్క ఉపన్యాసం అయిపోతే తనదే. వెనకనుంచి ప్రదీప్‌కుమార్ వంగి చెవిలో చెప్పాడు, "షామియానాలోకి ఒకసారి పోయి రా. వంటోళ్లు సాంబార్లో ఉప్పు వేసినారో లేదో అని గోల చేస్తాండారు. నీ వంతుకు పిలుస్తాలే." ఆమె పేపర్ని కుర్చీలో పెట్టి లేచింది. ఎందుకు లేచిందని మీరడగొచ్చు. ఆ దోవంతా ఆమె కూడా తనను అదే అడుగుతూ నడిచింది. అలవాటైన కాళ్లు, తల మాట వినవు.

కాలేజీ వెనక వేపచెట్ల కింద భోజనాల షామియానా. హాల్లో ఎప్పుడు ముగుస్తుందో తెలిసి వడ్డన సిద్ధం చేసుకోవాలని అక్కడ కూడా ఒక స్పీకర్ కట్టారు. సుచరిత గరిటెతో సాంబారు అరచేతిలో వేసుకుని రుచి చూస్తోంది. వేంపల్లె నుంచి వచ్చిన వంటమనిషి సుబ్బక్క చెయ్యెత్తి ఆపింది. "ఉండమ్మా, మైకులో నీ పేరు చెప్తాండారు."

నిజమే. అధ్యక్షస్థానంలో ఉన్న ఢిల్లీ ప్రొఫెసర్ పేరు పిలిచాడు. రెండోసారీ పిలిచాడు. తర్వాత సమయాభావం వల్ల ఈ పేపర్‌ను చదివినట్టే భావిద్దామన్నాడు. సదస్సుల్లో ఇది మామూలు మర్యాదే, రానివాళ్ల పేపర్లకు చేసేది. ఆమె రాలేదా? గోడకు ఇవతల ఉంది, అరచేతిలో సాంబారుతో! ఇంతలో ప్రదీప్‌కుమార్ గొంతు వినిపించింది, నవ్వుతూ. "సారాంశం నేను చెప్తాను సార్. ఇంట్లో రోజూ వినేదే గదా. చిన్న దేశాలకు మౌనమే బలం. ఎదురు చెప్పకుండా ఓర్పుతో, సర్దుబాటుతో పొరుగు దేశాల మనసు గెలుచుకోవచ్చు. అదే ఈ పేపర్ సారాంశం. మా ఇంట్లో కూడా అదే దౌత్యం నడుస్తా ఉంది!" హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది.

సుచరిత అరచేతిలోని సాంబారు కింద పారబోసింది. ఆయన దొంగిలించినా ఇంత బాధపడేది కాదు. దొంగిలించాలంటే చదవాలి. ఆయన చదవనే లేదు. ఇంత కాలం ఈ మనిషి పక్కన పడుకుని, ఈ మనిషి కోసం రాసి, ఈ మనిషి టీలో చక్కెర ఎంతో కూడా చెయ్యే గుర్తుపెట్టుకునేంతగా బతికి, ఆ పేజీలు వేదికల మీద చదివిన ఆయనకే తనేమనుకుంటోందో ఒక్క ముక్క కూడా తెలియదు. తెలియక్కర్లేదనుకున్నాడు. అమ్మా, ఇంత ఒంటరిగా ఉన్నానా నేను, అనుకుంది. ఆమె గిన్నె మీద మూత పెట్టింది. చెయ్యి కడుక్కుంది. "సుబ్బక్కా, నేనొచ్చేదాకా నెయ్యి, ఇంటినుంచి తెచ్చిన ఓళిగలు బయటికి తీయొద్దు," అని చెప్పి హాల్లోకి నడిచింది.

అందరూ లేస్తున్నారు. ఆమె మూడో వరుసలోని పేపర్ తీసుకుని, వేదికెక్కి మైకు ముందు నిలబడింది.

"ఇప్పుడు చెప్పింది నా పేపర్ కాదు. నా పేపర్‌లో దానికి సరిగ్గా తలకిందులుగా ఉండాది. చదువుతాను."

ఢిల్లీ ప్రొఫెసర్ గడియారం చూసుకున్నాడు. "అమ్మా, భోజన సమయం. మీ పేపర్ పుస్తకంలో వేస్తాం కదా."

"మీరు పోయి భోంచేయండి సార్. నేను చదువుతాను."

నవ్వాలో వద్దో తెలియక కొందరు నవ్వారు. తర్వాత కుర్చీలు జరిగాయి. ముందువరుస లేచింది, రెండో వరుస లేచింది. ఢిల్లీ ప్రొఫెసర్ చేతులు జోడించి మర్యాదగా దిగిపోయాడు. హేమావతి తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. ప్రిన్సిపాల్ ఏదో అనగానే తల వంచుకుని వెళ్లిపోయింది. సుచరిత చదువుతూనే ఉంది. ఖాళీ కుర్చీలకు అంతర్జాతీయ న్యాయం చెబుతూ ఒకచోట వరుస తప్పింది. వేలు పెట్టి వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. దేశాల మధ్య ఒక ఆచారం పుడుతున్నప్పుడే కాదంటూ, చివరిదాకా కాదంటూ వచ్చిన దేశాన్ని ఆ ఆచారం కట్టిపడేయలేదు అన్న భాగం అది. ఆ దేశం గెలవనక్కర్లేదు. దాని మాట ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కాదన్నట్టు బయటికి వినబడితే చాలు. ఆ వాక్యం రాసినప్పుడు దేశాల గురించే రాసింది. ఇప్పుడు తన గొంతులో వింటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఆలస్యమైంది కదా, మొదట్లోనే అనుంటే ఎంత బాగుండేది అని ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. షామియానాలోని స్పీకర్‌ను ఎవరూ ఆపేసినట్టు లేదు. ఆమె గొంతు అక్కడినుంచి ఒక క్షణం ఆలస్యంగా తిరిగొచ్చి చెవినపడుతోంది.

ప్రదీప్‌కుమార్ పరుగులాంటి నడకతో వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. వేదికెక్కి మైకును అరచేత్తో మూశాడు.

"ఏం పనే ఇది? విస్తళ్ల ముందర అందురూ చేతులు కట్టుకోని కూర్చోనుండారు. అన్నీ వినబడతాండాయి ఆడికి. ఆ వంటామె నువ్వు చెప్తేగాని తీయనంటాంది. నెయ్యి యాడ పెట్టినావ్?"

సుచరిత ఆయన చేతిని వేలు వేలుగా మైకు మీంచి తీసింది.

"వెతుక్కోండి," అంది మైకులోనే. "నేనింకా రెండో పేజీలోనే ఉండా."