జవాబు ముగించే పద్ధతి

మంగళవారం నుంచి మా ఇంట్లో మధ్యగదికీ వంటగదికీ నడుమ ఉన్న గోడ ప్రశ్నలు అడుగుతోంది. నేను వంటగది వైపు ఉన్నాను కాబట్టి జవాబు చెప్పే పని నాది.

మొదటి ప్రశ్న పొద్దున్న ఏడింటికి వస్తుంది. "ఎనిమిదో తరగతి సోషల్ పరీక్ష ఎప్పుడండీ" అని గోడ అడుగుతుంది. గొంతు సన్నగా, మర్యాదగా ఉంటుంది. నాకు జవాబు తెలుసు. కానీ ఎంత గట్టిగా చెప్పినా అవతలికి వెళ్ళదు. మాటలు సున్నానికి తగిలి, కింద పడి, పొయ్యి గట్టు దగ్గర పోగవుతాయి. చీపురుతో ఊడ్చి ఒక పక్కకి చేరుస్తాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ వైపు నుంచి జవాబు చెప్పింది నా భార్య హైమావతి. కళ్ళజోడు ఎక్కడుంది, కరెంటు బిల్లు ఎక్కడ పెట్టాం, ఆదివారం ఎవరింటికి వెళ్ళాలి అని నేను మధ్యగదిలోంచి అడిగేవాణ్ణి. ఆమె పోయి నాలుగు నెలలయింది. అందుచేత ఆ పని ఇప్పుడు నేను నేర్చుకోవాలి.

పైడితల్లికి ఫోన్ చేస్తాను. పదహారేళ్ళ క్రితం ఆమె నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు బొబ్బిలిలో ఒక చెప్పుల దుకాణం మేడ మీద కంప్యూటర్ కోర్సులు చెబుతోంది. ఆమె వచ్చి, గోడకి చెవి ఆనించి కాసేపు వింటుంది.

"ఇది సర్వర్ పని మాస్టారూ. అవతలోళ్ళు అడుగుతారు, ఇవతలున్నది జవాబిస్తది. ఆ ఇవతలున్నదాన్నే సర్వరంటాం. ఇక్కడ మీరున్నారు."

"నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు నాకు సోషల్లో ముప్పై అయిదు వేసేరు. గుర్తుందా?"

"నువ్వు రాసినదానికి ఇరవై తొమ్మిదే వస్తాయి. ఆరు నేను కలిపాను."

"అయితే ఆరు రోజులు" అంటుంది పైడితల్లి, సంచీలోంచి ఒక లాంగు నోటుబుక్కు తీసి నా ముందు పెడుతూ. అందులో రాసింది రాసినట్టు గోడ చేస్తుందట.

మొదటి రోజు పాఠం వినడం. ఏ తలుపు దగ్గర వినాలో మొదటి పంక్తిలోనే రాయాలి. ఇంటికి ఒకటే వీధి తలుపు ఉందని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. అరవై అయిదు వేలకి పైగా ఉన్నాయని, వాటిని పోర్టులంటారని పైడితల్లి చెబుతుంది. 'మూడువేలవ నెంబరు తలుపు. విను' అని రాస్తాను. గోడలో పప్పుల డబ్బా మూతంత కిటికీ తెరుచుకుంటుంది.

"ఇంక మీరేం మాట్లాడకండి" అంటుంది.

"ఎంతసేపు?"

"ఎవరేనా అడిగేదాకా. సర్వర్ తనంతట తను ఎవర్నీ పిలవకూడదు మాస్టారూ. ఇది హాజరు పట్టీ కాదు."

నేను పేర్లు పిలవడానికి అలవాటు పడినవాణ్ణి. నాలుక మీద ఒక పేరు ఉంది. దాన్ని మింగి, వింటూ కూర్చుంటాను.

రెండో రోజు పాఠం అంకె. ప్రతి జవాబుకీ ముందు మూడంకెల సంఖ్య వెయ్యాలి. అడిగింది దొరికితే రెండువందలు. దొరక్కపోతే నాలుగువందల నాలుగు. నేను ఎర్ర సిరా కలం తీస్తాను.

"వందకి రెండువందలు ఎలా వేస్తాం?"

"మీకు చెయ్యి రాదని నాకు తెలుసు" అంటుంది పైడితల్లి. "నెమ్మదిగా అలవాటు చేసుకోండి."

సాయంత్రానికి అలవాటవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లకి పరీక్ష తేదీ చెప్పి రెండువందలు వేస్తాను. అవతల గోడ మీద చిన్నగా, సంతోషంగా ఎవరో తట్టిన చప్పుడు వినిపిస్తుంది.

మూడో రోజు పాఠం అల్మారా. జవాబులన్నీ దానిలో ఉండాలి. ఒక్కొక్క అరలో ఒక్కొక్క పట్టిక. నేను అర లాగితే అది వస్తూనే ఉంటుంది, పెరటి తలుపు దాటి, పంపు దాటి, జామచెట్టు దగ్గర ఆగుతుంది. అంత పొడవునా నడుచుకుంటూ వెళ్ళి, కావలసిన వరస చూసుకుని వెనక్కి వస్తాను. నడక మోకాళ్ళకి మంచిదే.

ఆ రోజు వేగావతి నది కిటికీ దగ్గరికి వచ్చి తన లోతు ఎంతో అడుగుతుంది. వానాకాలంలో ఎంతో, ఎండాకాలంలో ఎంతో విడివిడిగా చెబుతాను. నది వెళ్ళిపోతుంది. అయిదు నిమిషాల్లో మళ్ళీ వచ్చి అదే అడుగుతుంది.

"ఇందాకే చెప్పాను కదమ్మా" అంటాను. ఆ మాట కిటికీలోంచి దూరదు.

"మనకి ఇందాక అనేది లేదు" అంటుంది పైడితల్లి. "జవాబు అయిపోయిందా, అడిగినోళ్ళని అక్కడితో మర్చిపోవాలి. మళ్ళీ వస్తే కొత్తోళ్ళే."

"నాకు మనుషులు గుర్తుంటారు."

"ముగించేదాకా ఉంటారు మాస్టారూ. ముగిస్తే ఉండరు."

నాలుగో రోజు పాఠం అదే. జవాబు చివర 'అయిపోయింది' అని రాయాలి. రాయకపోతే జవాబు ఇంకా వస్తోందనుకుని అవతలి మనిషి కిటికీ దగ్గర అలాగే నిలబడిపోతాడు. వెనకున్న వరస ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసే తప్పు ఇదేనని పైడితల్లి రెండుసార్లు చెబుతుంది. నేను ఉద్యోగంలో ఒక్క పాఠాన్నీ స్వయంగా ముగించినవాణ్ణి కాను. గంట కొట్టే మనిషి వేరే ఉండేవాడు. అయినా నోటుబుక్కులో రాసుకుని, కింద గీత గీస్తాను.

అయిదో రోజుకి నేను బాగా చేస్తున్నాను. గంటకి నాలుగువందలమందికి జవాబిస్తాను. పోస్టాఫీసు మేడ మెట్లు తామెన్నో అడిగితే చెబుతాను. ఒక మేఘం ఒడిశా దారి అడుగుతుంది. సాలూరు మీదుగా ఘాట్ ఎక్కమంటాను. ప్రతిదానికీ చివర 'అయిపోయింది' అని రాస్తాను. ఎవరూ నిలబడిపోరు.

ఆరో రోజు మధ్యాహ్నం రెండున్నరకి కిటికీలో ఒక చెయ్యి కనబడుతుంది. మణికట్టు దగ్గర నూనె చిట్లిన మచ్చ. ఆకుపచ్చ గాజులు నాలుగు.

"ఏమండీ, భోంచేసేరా?" అని హైమావతి అడుగుతుంది.

ఈ ప్రశ్న నేను రాసుకున్నవాటిలో లేదు. అయినా రెండువందలు వేసి జవాబు మొదలుపెడతాను.

అన్నం, అని రాస్తాను. ఆ ముక్క కిటికీలోంచి వెళ్తుంది. బెల్లం వేసిన చామదుంపల పులుసు, అని రాస్తాను. అదీ వెళ్తుంది. జవాబుని ముక్కలు ముక్కలుగా పంపవచ్చు, అది తప్పు కాదు. వంకాయ కూర. మజ్జిగ. ఆవకాయ బద్ద ఒకటి. తరవాత నిన్నటి భోజనం, మొన్నటిది, మాఘంలోది. ఇవేవీ నేను తినలేదు. కానీ వరస తప్పకుండా రాస్తున్నాను. ఆమె చెయ్యి ఒక్కొక్క ముక్కనీ అందుకుంటుంది. చివరి మాట నేను రాయను.

మధ్యలో ఒకసారి అల్మారా దగ్గరికి వెళ్తాను. ఇదే ప్రశ్న నేను ఆమెని ఎప్పుడైనా అడిగానేమోనని అర లాగి చూస్తాను. జామచెట్టు దాకా వెళ్ళి చూస్తాను. నాలుగువందల నాలుగు. వెనక్కి వచ్చి పుష్యమాసం భోజనాలు మొదలుపెడతాను.

ఆమె వెనక వరస పెరుగుతోంది. రేపు పరీక్ష రాయవలసిన పదో తరగతి పిల్లలు హాల్ టికెట్ నెంబర్ల కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో వేగావతి నది ఉంది. నది నిలబడితే నీళ్ళు పెరుగుతాయి. పిల్లల చెప్పులు తేలుతాయి. తరవాత మోకాళ్ళు మునుగుతాయి. వాళ్ళు సంచులు తల మీద పెట్టుకుని, సరిహద్దులూ పంటలూ మెల్లగా వల్లె వేసుకుంటున్నారు.

పైడితల్లి పెరటి వైపునుంచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వస్తుంది.

"ఎవరి జవాబు ముగించలేదు మాస్టారూ?"

నేను పక్కకి జరుగుతాను. ఆమె కిటికీలోకి చూసి ఆ చేతిని గుర్తుపడుతుంది. స్కూల్లో చదివే రోజుల్లో ఆ చేతి ఉప్మా చాలాసార్లు తిన్నది.

"ముగించకుండానే పని జరగాలంటే ఇంకో దారి ఉంది" అంటుంది. "ఇంకో మిమ్మల్ని పెట్టుకోండి. మీరు ఇక్కడుంటే ఆయన వరస చూసుకుంటారు."

నోటుబుక్కులో రాస్తాను. కొళాయి దగ్గర ఇంకో నేను తయారవుతాను. చొక్కా గుండీలు సరిచేసుకుని, పక్కన కొత్త కిటికీ తెరిచి, ఒక పిల్లవాడి నెంబరు సగం చెప్పి, తల తిప్పి చూస్తాడు. ఆ జవాబు అక్కడ వదిలేసి వచ్చి నా భుజం మీంచి హైమావతి చేతిని చూస్తూ నిలబడతాడు. మూడో నన్ను పెడతాను. అతనూ వస్తాడు. పదకొండుమందిమి అవుతాం. పదకొండుమందిమీ ఒకే కిటికీ దగ్గర ఉంటాం.

"మీ క్లాసులో ఎవరేనా ఇలా గుమిగూడితే ఏం చేసేవోరు?" అంటుంది పైడితల్లి.

"బెంచీ ఎక్కించేవాణ్ణి."

"ఇక్కడ బెంచీ లేదు" అని ఆమె పొయ్యి గట్టు మీద కూర్చుంటుంది. నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి.

అప్పుడు అవతలినుంచి హైమావతి మాట్లాడుతుంది.

"ఏమండీ. నేనడిగింది ఒకటే. తిన్నారా, లేదా?"

"చెబుతూనే ఉన్నాను కదా."

"మీరు పులుసులో బెల్లం వేసేనన్నారు. మనింట్లో చామదుంపల పులుసులో బెల్లం వెయ్యం. మీరెప్పుడు వండేరు గనక."

పక్కనున్న పదిమందీ తలలు దించుకుంటారు. నేను దించుకోను.

"కాళ్ళు లాగుతున్నాయండీ" అంటుంది. "మీరు ముగించేదాకా నేను కూచోకూడదంట."

ఈ సంగతి నోటుబుక్కులో ఉంది. కింద గీత కూడా ఉంది. అవతల నిలబడి ఉన్న మనిషికి కాళ్ళుంటాయని మాత్రం నేను రాసుకోలేదు.

నేను ఇంతవరకూ రాసిన నాలుగు నెలల భోజనాలూ కొట్టేస్తాను. ఎర్ర సిరాతోనే కొట్టేస్తాను. కొత్త పంక్తిలో రాస్తాను.

'తినలేదు. ఇప్పుడు వండుకుని తింటాను.'

ఆమె చెయ్యి ఆ ముక్కని అందుకుని కొంచెంసేపు పట్టుకుంటుంది.

"బియ్యం రెండుసార్లు కడగండి" అంటుంది.

నేను తల ఊపుతాను. అవతలికి కనబడదని తెలుసు. అక్షరాలు గుండ్రంగా వచ్చేలా, తొందరపడకుండా, చివరి మాట రాస్తాను.

అయిపోయింది.

చెయ్యి వెనక్కి వెళ్ళిపోతుంది. తరవాతి మనిషి కిటికీ దగ్గరికి వస్తాడు. పదకొండుమందిమీ పదకొండు కిటికీల దగ్గర కూర్చుంటాం. పిల్లలు నెంబర్లు రాసుకుని, తడిసిన పంట్లాములు పిండుకుని వెళ్ళిపోతారు. నది తన లోతు తెలుసుకుని, వచ్చిన దారినే ఒడ్లు సర్దుకుంటూ వెళ్తుంది. మూడున్నరకల్లా నేల ఆరిపోతుంది.

"కోర్సు అయిపోయింది మాస్టారూ" అంటుంది పైడితల్లి. "మీకు ఎన్ని మార్కులు వెయ్యమంటారు?"

"వచ్చినన్ని వెయ్యి. కలపకు."

ఆమె నోటుబుక్కు చివర ఒక అంకె వేసి, నాకు చూపించకుండా మూసి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోతుంది.

నేను భోజనం గురించి ఎవరికో మాటిచ్చాను. ఎవరికో గుర్తులేదు. పద్ధతి ప్రకారం గుర్తుండకూడదు. మాట మాత్రం ఉంది. పదకొండుమందికి సరిపడా బియ్యం కొలిచి, రెండుసార్లు కడిగి, ఎసట్లో పోస్తాను. మిగతా పదిమందీ చేతులు కడుక్కుని, వరసగా నేల మీద కూర్చుని కంచాలు పెట్టుకుంటారు.

అన్నం ఉడికిన చప్పుడు ఆగాక మూత తీస్తాను. ఆవిరి విడిపోతుంది. గిన్నె చాలా లోతుగా ఉంది. అడుగున ఒక చిన్న గది, గదిలో చాప, చాప మీద నేనెరగని ఒక ఆకుపచ్చ గాజుల ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అప్పుడే కూర్చున్నట్టుంది. తల ఎత్తదు. అడగడానికి ఆవిడకేమీ లేదు.

ఆవిడ మీద ఒక్క మెతుకూ పడకుండా పైపైన గరిటెతో తీసి పదకొండు కంచాల్లో వడ్డిస్తాను. నేనూ కూర్చుంటాను. మొదటి ముద్ద మింగి గిన్నెలోకి చూస్తాను. ఆవిడ నెరిసిన జుట్టులో ఒక వెంట్రుక నల్లబడుతుంది. రెండో ముద్దకి ఇంకొకటి.

పదకొండుమందిమీ మారు వడ్డించుకుంటాం.