కప్పుకు అంటించిన అక్షరాలు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ కంబళి మీ కాళ్ల మీదకీ లాక్కోండి. మా చెల్లెలు జెల్లాకి చదువెలా వచ్చిందో చెబుతాను. నేను బడికెళ్లింది రెండు చలికాలాలే. అయితేనేం, ఆ ఏడు మా గుమ్మం ముందు ఎన్ని జానల మంచు పడిందో ఇప్పటికీ చెప్పగలను.

మాది కెంటకీ కొండల్లో చెక్క ఇల్లు. కింద రెండు గదులు, పైన అటక. చెక్కల సందుల్లోంచి గాలి ఈలలేసుకుంటూ దూరేది. అందుకని ఆకులు రాలే వేళకి అమ్మ పిండి జిగురు కాచి, గోడలకీ అటక కప్పుకీ పాత పత్రికలు అంటించేది. ఆ వాగు పొడుగునా అందరిళ్లూ అంతే.

జెల్లాకి అప్పుడు ఆరో ఏడు. వేసవిలో వచ్చిన జ్వరంతో దాని కాళ్లు చచ్చుబడిపోయాయి. బడేమో వాగు అవతల. కంచరగాడిద మీద ఎక్కించుకుని నేను తీసుకొస్తానని కార్బిన్ టీచరమ్మని అడిగాను. ఉన్నది ఒక్క గది, చిన్నపిల్లలు ఇప్పటికే ఇరవైమంది అంది. మార్చిలో ఇంటికొచ్చి చూస్తానని, అక్షరాలొస్తే చేర్చుకుంటానని, రాకపోతే ఈ ఏటికి కుదరదని చెప్పింది. మా నాయనమ్మేమో, జ్వరం కాళ్లతో పాటు పిల్ల బుర్రనీ తినేసిందని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగేది. ఇంకో ఏడాది అటక మీదే ఉండిపోతే ఆ మాటే నిజమవుతుందని అమ్మ భయం. తనకా చదువు రాదు. నాన్న బొగ్గు గని నుంచి శనివారాలే వచ్చేవాడు. నేర్పే పూచీ నాదన్నాను. నాకు పదేళ్లు.

అటక మీద మా ఇద్దరికీ ఒకటే మంచం. పొగగొట్టం వెచ్చదనం తగలాలని జెల్లా తల అటు, నా తల ఇటు. దాని పాదాలు నా చంకలో పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, చిక్కుడు తీగకి పాతే పొడుగు కర్రతో కప్పు మీది అక్షరాలు చూపించేదాన్ని. కిటికీలోంచి మంచు వెలుతురు పాలలా ఒలికేది. గాలి కాగితాల వెనక దూరితే కప్పంతా ఉబ్బి, మెల్లగా దిగేది, ఇల్లే ఊపిరి తీసుకుంటున్నట్టు. అక్షరాలు ఏటిలో చేపపిల్లల్లా కదిలేవి.

మొట్టమొదటి అక్షరం A ఇంటికప్పులా ఉంటుందని చెప్పాను. కాదక్కా, ఆవు మొహంలా ఉంది, పైన రెండు కొమ్ములున్నాయంది. ఎవరి కళ్లు వాళ్లవి అనుకున్నాను.

అక్షరాలయ్యాక మాటలు పట్టుకున్నాం. ఇవాళ సబ్బు దగ్గర బయల్దేరి ఓడ దాకా పోదాం అనేదాన్ని. సబ్బు, మేకులు, ఉప్పు, గుర్రం, ఒక్కో మాటా ఒక్కో ఊరు. జెల్లా ఊరూరూ ఆగి చదువుకుంటూ పోయేది. కునుకు పట్టాక కూడా దాని పెదాలు కదిలేవి. నిద్రలో అది ఎక్కడెక్కడ తిరిగొచ్చేదో మరి.

మార్చిలో మంచు కరిగి బురదైంది. టీచరమ్మ వచ్చింది. అమ్మ మొక్కజొన్న రొట్టె, మజ్జిగ పెట్టింది. నేను జెల్లాని వీపున మోసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాను. టీచరమ్మ పక్కన కూర్చుని పుస్తకం తెరిచి, ఇదేమిటి, అదేమిటి అనడిగింది. జెల్లా పుస్తకం వంక ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నోరు విప్పలేదు.

"ఇంట్లో గడగడా చెబుతుందండీ టీచరమ్మా," అంది అమ్మ.

పొయ్యి దగ్గర్నుంచి నాయనమ్మ, చెప్పానా అన్నట్టు దగ్గింది. నాకు భూమిలోకి దూరిపోదామనిపించింది.

టీచరమ్మ పుస్తకం మూసింది. లేచి బల్లకి అటువైపు వెళ్లి కూర్చుని, తన హాజరు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఏదో రాసుకుంది. ఎదురుగా కూర్చున్న జెల్లా మెడ చాచి అటే చూస్తోంది.

"జెల్లా... ఈ... ఏడు... వద్దు," అని మెల్లగా చదివింది. తలెత్తి, "నన్నెందుకు వద్దంటున్నారు?" అంది.

టీచరమ్మ కలం ఆగిపోయింది. కాసేపు దాని మొహం చూసి, మూసిన పుస్తకం తెరిచి, జెల్లాకి తలకిందులుగా కనబడేలా ముందుకు తోసింది. జెల్లా మొహం విప్పారింది. పేజీ చివరిదాకా, ఊరూరూ ఆగుతూ, చదివేసింది.

ఎక్కడ నేర్చుకున్నావంటే పైకి వేలు చూపించింది. టీచరమ్మ అటకెక్కి, బురద బూట్లు విప్పి, మా మంచం మీద ముందు ఇటు తల పెట్టి పడుకుంది, తర్వాత అటు పడుకుంది. జుట్టులో దూదిపింజలతో, కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకుంటూ దిగొచ్చింది.

"బాగానే నేర్పావే పిల్లా," అంది నాతో. "అది ఎటు తల పెట్టి పడుకుందో ఒక్కటే చూసుకోలేదు."

రాసింది కొట్టేసి, సోమవారం తీసుకురా అంది. అమ్మ గౌనుకి కట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకుని, టీచరమ్మకి ఇంకో రొట్టె ముక్క వడ్డించింది. నాయనమ్మ మాత్రం, తలకిందులుగా చదివే తెలివి తమ వైపు రక్తంలోనే ఉందని ఆ సాయంత్రమే చాటింపు వేసేసింది.

సోమవారం జెల్లాని ముందు కూర్చోబెట్టుకుని కంచరగాడిద మీద వాగు దాటాను. నీళ్ల మీద తెల్లటి పొగమంచు. అవతలి గట్టు కనబడేదాకా అది నా చెయ్యి వదల్లేదు. పదిరోజుల్లో పుస్తకం ఎటు తిప్పినా చదివేది.

ఇదీ సంగతి. గుర్తు పెట్టుకుని మీ పిల్లలకి చెప్పండి. కావాలంటే నా పేరు మర్చిపోండి, మంచు కొలతలు మర్చిపోండి, జెల్లా పేరు మాత్రం మార్చకండేం.